వంటింటి మూలలో నల్ల కంబళి

ఆ దెయ్యం నాకు తెలుసు.

మొన్న వైట్‌ఫీల్డ్ ఆఫీసులో భోజనాల దగ్గర పక్క సీటు అమ్మాయి తన ఫోన్ నా మొహం ముందు పెట్టి, "అక్కా, పాత సినిమాలో దెయ్యం దొరికింది చూడు" అంది. చూశాను. పల్లెటూరి వంటిల్లు. ఒకావిడ పొయ్యి పక్కన కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. ఆమెకి కాస్త వెనకగా, బియ్యం బస్తాల మూలలో, బనియను వేసుకున్న ఒక మనిషి గొంతుక్కూర్చుని రెండు చేతులా ఒక నల్ల కంబళి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఎవడో అతని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాడు. కింద పగలబడి నవ్వే బొమ్మలు. "ఫ్రేములో మనిషి ఉన్నాడని కెమెరామెన్‌కే కనబడలేదా బాబూ" అని ఒకడు రాశాడు. మా టేబులంతా నవ్వింది. నేను ముద్ద వదిలేసి డబ్బా మూత పెట్టేశాను.

దెయ్యం కాదు. ఆ మూలన కూర్చున్నదే ఆ కెమెరామెన్. పోయిన వానాకాలంలో కన్నుమూశాడు. బతికున్నన్నాళ్ళూ నేను ఎంత బతిమాలినా కెమెరా ముందుకి మొహం తేలేదు. ఇప్పుడు దిక్కూ మొక్కూ లేనివాడిలా ఆయన్ని ఫోన్ల మీద ఊరేగిస్తున్నారు. అరికాలి మంట నెత్తికెక్కిందంటే నమ్మండి.

పేరు రాయను. పోస్టర్ల మీద కూడా ఆయన పేరు వెతుక్కుంటే గానీ దొరికేది కాదు, ఇప్పుడు కొత్తగా నేనెందుకు ఎక్కించాలి.

నాకో పిచ్చి ఉంది. వారమంతా ఉద్యోగం చేసి, ఆదివారం వస్తే సినిమాలు తీసేవాళ్ళని మహదేవపురలోని మా ఫ్లాటుకి పిలిచి, వాళ్ళ పని గురించి మాట్లాడించి రికార్డు చేస్తాను. హీరోల కబుర్లు కాదు. ఈ షాటు ఇక్కడి నుంచే ఎందుకు తీశారు, ఆ గదిలో దీపం ఆ మూలనే ఎందుకు పెట్టారు, ఇలాంటివి. చూసేవాళ్ళు కొద్దిమంది. మా ఆయన మాటల్లో చెప్పాలంటే, మా బంధువులంత మంది కూడా లేరు.

ఆ కెమెరామెన్‌ని మొదటిసారి పిలిచినప్పుడు హాల్లో రెండు పెద్ద లైట్లు నిలబెట్టి, కుర్చీ వేసి, కెమెరా సర్ది, పెళ్ళివారి కోసం చూసినట్టు చూశాను. ఆయన లోపలికొచ్చాడు. నమస్కారం లేదు, మంచినీళ్ళు లేవు. తిన్నగా వెళ్ళి ఒక లైటు ఆపాడు. రెండోది ఆపాడు. గోడ మీది ట్యూబ్‌లైటు కూడా ఆపాడు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఇవన్నీ ఏమిటికి మ్మా?"

"మీ మొహం కనబడాలి కదా సార్."

"నా మొగం చూస్తే ఎవురికేమొస్తాది? మాటలు వినేకి పిల్చినారా, పెండ్లి చూపులకి పిల్చినారా?"

నా కెమెరాని తనే పట్టుకుని బాల్కనీ కిటికీ వైపు తిప్పేశాడు. "ఆ కిటికీ చూడు, ఎంత బాగుండాదో. దాన్ని తియ్యి. నేను పక్కన కూచోని మాట్లాడ్తా." అంతే. ఆయనతో నేను చేసిన సంభాషణలన్నిటిలో కనబడేది మా కిటికీ, మా కర్టెను, దాని మీద మెల్లగా జరిగే ఎండ. అప్పుడప్పుడూ ఒక చెయ్యి. "మేడమ్, కెమెరా పడిపోయినట్టుంది" అని చూసినవాళ్ళు పాపం జాలిపడి రాసేవారు. నేను ఆయనతో పోట్లాడాను. "కిటికీ బాగలేదని ఎవురన్నా రాసినారా?" అని అడిగాడు. నిజమే, ఎవరూ రాయలేదు.

హిందూపురం వైపు మనిషి. చిన్నప్పుడే బెంగళూరు వచ్చేశాడు. కన్నడ సినిమాలు, తెలుగు సినిమాలు చేశాడు. మాటలో సగం కన్నడం, సగం సీమ, నడుమ నడుమ తిట్లు. ఎవరు గదిలోకి వచ్చినా ఆయనకి ఒకటే ప్రశ్న. ఒకసారి రికార్డింగ్ నడుస్తుండగా మా ఆయన కూరగాయల సంచీతో తలుపు తీసుకుని వచ్చాడు.

"అప్పా, ఆడే నిలబడు. ఎండలోంచి వచ్చినావా, నీడలోంచి వచ్చినావా?"

మా ఆయన బెదిరిపోయి, "కింద బేస్‌మెంట్‌లో కారు పెట్టి లిఫ్టులో వచ్చాను సార్" అన్నాడు.

"చూసినావా మ్మా? కండ్లు చిట్లించలే. అదే ఎండలోంచి వచ్చినోడైతే లోపలికి రాంగానే రవ్వంతసేపు గుడ్డోడైపోతాడు. యా కుర్చీ యాడుండాదో కనపడదు. ఆ రవ్వంత గుడ్డితనము డైరెక్టరుకి తెలియల్ల. మనిషి యాడనుంచి వచ్చినాడో చెప్పప్పా, ఆమేల లైటు పెడ్తా అంటే, సుమ్నే, ఊరికే నా మొగం చూసి నవ్వుతారు. డైలాగు చెప్తారు. డైలాగుకి లైటు పెట్టేకైతాదా?"

మా ఆయన కొత్తిమీర కట్ట పట్టుకుని, ఇంక లోపలికి రావచ్చా అన్నట్టు నా వైపు చూస్తున్నాడు. ఆ రోజు నుంచి ఆ పెద్దాయన వస్తున్నాడంటే మా ఆయన ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాడు.

మంచివాడని చెప్పడం లేదు నేను. నోరు మహా చెడ్డది. ఒక కొత్త దర్శకుడు మా ఇంట్లోనే తన సినిమా ముక్క చూపించి, ఎలా ఉంది సార్ అని వినయంగా అడిగితే, "పెండ్లి వీడియో బాగుండాది, పెండ్లికూతురు ఎవురు?" అన్నాడు. ఆ అబ్బాయి మళ్ళీ మా గడప తొక్కలేదు. ఇంకోసారి మాల్లో సినిమాకి తీసుకెళ్ళాను. సగంలో లేచి బయటికి పోయి మేనేజరుతో గలాటా పెట్టుకున్నాడు. "కరెంటు మిగిలిచ్చేకి బల్బు తగ్గిచ్చినారు! మేము పెట్టిన ఎలుగు దొంగతనం చేస్తాండారు!" తీరా చూస్తే బల్బు కాదు, పొద్దుటి ఆటలో త్రీడీ సినిమాకి వాడిన అద్దం ప్రొజెక్టరు ముందు నుంచి తియ్యడం మరిచిపోయారట. తీశాక తెర తెల్లగా వెలిగింది. "నేను చెప్పింది అదే" అన్నాడు. అది కాదు ఆయన చెప్పింది. ఒప్పుకుంటేగా!

సర్జాపుర రోడ్డు మీద నుంచి లోపలికి పోతే ఆయన ఇల్లు. పాత పెంకుటిల్లు, ముందు చిన్న వసారా. కట్టుకున్నప్పుడు చుట్టూ రాగి చేలట. ఇప్పుడు మూడు పక్కలా అపార్ట్‌మెంట్లు. సాయంత్రం వసారాలో పడే ఎండ పడమటి టవరు లేచాక పోయింది. "నా సాయంత్రమెండ అమ్ముకున్నారు చూడు మ్మా. అమ్మేకి అదేమన్నా వాళ్ళబ్బ సొత్తా?" అని ఆ టవరు ఆఫీసుకి పోట్లాడ్డానికి వెళ్ళాడు. వాళ్ళు ఫ్లాటు కొనడానికొచ్చాడనుకుని, కాఫీ ఇచ్చి, రంగుల పుస్తకం చేతిలో పెట్టారు. అందులో బాల్కనీ మీద సాయంత్రపు ఎండ పడుతున్న బొమ్మ ఉంది. "ఇద్దో, ఇది నాదే" అని ఆ పేజీ చింపి తెచ్చి వసారా గోడకి అంటించాడు. ఇప్పటికీ ఉంది.

ఆ కంబళి సంగతి కూడా చెప్పాలి. మిగతావాళ్ళు వెలుతురు అడ్డుకోవడానికి నల్లగుడ్డలు, స్టాండ్లు వాడతారు. ఈయన కారు డిక్కీలో ఎప్పుడూ ఒక నల్ల గొర్రెబొచ్చు కంబళి ఉండేది. మా ఇంటికీ తెచ్చేవాడు. ఎదుటి బ్లాకు కిటికీ అద్దాల మీంచి ఎండ తిరిగి కొడుతోందని మా బాల్కనీ కడ్డీకి వేలాడదీసేవాడు. దానికి వాన వాసన, బీడీ వాసన. "ఎలుగు పెట్టేది ఎవురైనా పెడ్తారు మ్మా. తీసేకి ధైర్యం కావల్ల" అనేవాడు. ఆ కంబళి నాకు అంత బాగా తెలుసు కాబట్టే, ఆఫీసులో ఆ ఫోను చూసినప్పుడు ముందు గుర్తుపట్టింది ఆయన్ని కాదు, దాన్ని.

ఇక ఆ వంటింటి సీను. కథ ఇది. భర్త పోయిన ఆవిడ ఇంటికి పొద్దుగూకే వేళ బావగారు వస్తాడు. పొలం మాకొదిలేసి పుట్టింటికి పో అని చెప్పడానికి. కరెంటు లేదు. ఆమె దీపం వెలిగించదు. వెలిగిస్తే తన కళ్ళు వాడికి కనబడతాయి. తను ఏడ్చిందో లేదో, భయపడుతోందో లేదో వాడికి తెలియకూడదు. ఆమెకున్న బలం అదొక్కటే. థియేటర్లో మనకి కనబడింది పప్పు ఏరే చేతులు, మోచేతి మీద సన్నటి వెలుతురు గీత, అంతే. మొహం ఉండాల్సిన చోట చీకటి. వాడు మాట్లాడుతూనే ఉంటాడు, బెదిరిస్తాడు, బుజ్జగిస్తాడు. ఆఖరికి చీకట్లోంచి ఒక్క మాట వస్తుంది, "పోను." నేను ఆ సినిమా చూసినప్పుడు నా పక్కన కూర్చున్న ముసలాయన "శభాష్" అని పైకే అన్నాడు.

ఆ సీను గురించి ఆయన్ని అడక్కుండా ఎలా ఉంటాను? అడిగాను. ఆ రికార్డింగు నా దగ్గరుంది. కిటికీ కనబడుతుంటుంది, మాటలు వినబడుతుంటాయి.

"ఆ సీనప్పుడు నేను కెమెరా కాడ లేను మ్మా. నా అసిస్టెంటు నడిపినాడు."

"మరి మీరెక్కడున్నారు?"

"చీకట్లో."

తర్వాత నవ్వు, నవ్వులోంచి దగ్గు. ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు.

ఇదే సీను గురించి దర్శకుడు కూడా నా దగ్గర మాట్లాడాడు. ఆయన కుర్చీలో నిండుగా, రెండు లైట్ల మధ్య కూర్చున్నాడు. "ఆ డార్క్‌నెస్ నా చైల్డ్‌హుడ్ నుంచి వచ్చిందండీ. మా అమ్మ అలా చీకట్లో కూర్చునేది. కెమెరామెన్ భయపడ్డారు, జనానికి ఏమీ కనబడదని. నేనే పట్టుబట్టాను" అన్నాడు. అవార్డు వేదిక మీద కూడా అదే చెప్పాడట. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం చూశాం గానీ, ఈ దర్శకుడు చెట్టే తనేనన్నాడు. ఎందుకంటే ఆ పల్లెలో అసలేం జరిగిందో ఆ సినిమాకి పనిచేసినవాళ్ళు నాకు చెప్పారు. మొహం కనబడాల్సిందేనని పట్టుబట్టింది దర్శకుడు. లైటు పెడితే నేను పోతా అని కారెక్కి కూర్చుంది మా కెమెరామెన్.

ఆ ఇంటర్వ్యూ ఈయన విన్నాడు. నేను మండిపడుతూ ఫోన్ చేస్తే తాపీగా అన్నాడు, "చెప్పుకోనీ మ్మా. సిన్మా ఆయప్పది. ఆ చీకటిని ముట్టుకోకుండా ఉంటే సాకు." ఆయన కన్నడంలో సాకు అంటే చాలు అని.

ముట్టుకున్నారు. ఆయన పోయి ఏడాది తిరగకముందే ముట్టుకున్నారు.

సినిమాని ఇప్పుడు ఫోన్లలో చూసుకునేలా మళ్ళీ విడుదల చేశారు. కొత్తగా, శుభ్రంగా, మెరుగులు దిద్ది అని గొప్పగా రాశారు. మెరుగులంటే ఏమిటయ్యా అంటే, చీకటి ఉన్న ప్రతిచోటా వెలుతురు పెంచేశారు. ఆ వంటింట్లో ఇప్పుడు పప్పులో రాళ్ళు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ ఇల్లాలు దాచుకున్న మొహం బట్టబయలు. ఆ నటి మొహంతో ఏమీ చెయ్యలేదు, ఎందుకు చేస్తుంది? మొహం కనబడదని చెప్పాక గొంతుతో, వేళ్ళతో చేసింది. "ఎక్స్‌ప్రెషన్ లేదు" అని రాశాడు ఒక మహానుభావుడు. తనంతట గెలవలేకపోయిన బావగారిని వీళ్ళు మీట నొక్కి గెలిపించారు. వాడి కళ్ళ ముందుకి ఆమెని ఈడ్చుకొచ్చి నిలబెట్టారు. ఆమెతోపాటు, మూలన చీకటిని నమ్ముకుని కూర్చున్న మనిషిని కూడా.

దర్శకుడికి ఫోన్ చేశాను. నవ్వుతూనే ఎత్తాడు.

"చూశారా మేడమ్, వైరల్ అయింది! నెగటివ్ పబ్లిసిటీ కూడా పబ్లిసిటీయే."

"ఆ సీనుని ఎందుకు వెలిగించారు?"

"జనం బస్సులో, మెట్రోలో చూస్తారండీ. స్క్రీన్ బ్లాక్‌గా ఉంటే స్కిప్ కొడతారు. ప్రాక్టికల్‌గా ఆలోచించండి."

"మీ అమ్మగారు చీకట్లో కూర్చునేవారన్నారు కదా?"

గొంతు మారింది. "అసలు ఫ్రేములో మనిషి కూర్చోవడమేంటండీ? అది కెమెరా డిపార్ట్‌మెంట్ మిస్టేక్. నేను బయట మానిటర్ దగ్గరున్నా, నాకెలా తెలుస్తుంది? పెద్దాయన, పోయారు, ఏమనకూడదు గానీ..."

అనేశాడు, ఇంకా ఏమనాలి! అవార్డు వచ్చినప్పుడు చీకటి తనది. నవ్వులపాలైనప్పుడు చీకట్లోని మనిషి కెమెరా డిపార్ట్‌మెంట్‌ది. ఒళ్ళు మండింది. "ఆ సీనుని మళ్ళీ మొదట ఉన్నట్టు చీకటి చెయ్యండి. అదొక్కటే అడుగుతున్నా" అన్నాను. "చూద్దాం, ఏదో ఒకటి ఫిక్స్ చేద్దాం" అన్నాడు.

ఆ ఆదివారం సర్జాపుర వెళ్ళాను. ఆయన భార్య వసారాలో కూర్చుని ఉంది, గోడ మీది ఎండ బొమ్మ కింద. ఆ వీడియో ఆమెకి అప్పటికే ఎవరో పంపారు. పంపినవాళ్ళకి అందులో ఉన్నది ఎవరో తెలియదు. ఆమెకి తెలుసు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ బనియన్లు ఉతికింది ఆవిడే.

"షూటింగులో ఆయప్పని నేను ఎప్పుడూ చూడలేదు మా" అంది. "ఫోటో ఒకటీ లేదు. ఎవురన్నా తీస్తామంటే గుడ్లురిమేది. ఇదే ఫస్టు చూసేది."

ఆవిడకి మొగుడు పని చేస్తుండగా దొరికిన ఒకే ఒక్క బొమ్మ అది. నేనేమో దాన్ని మాయం చేయించాలని ఫోన్లు చేస్తున్నాను. ఆ మాటే చెప్పాను. ఉంచమంటే ఊరుకుంటాను అన్నాను.

ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ దినము షూటింగు నుంచి వచ్చి భుజము ఎత్తలేకపాయ. కొబ్బరినూనె కాంచి రుద్దినా. ఏమైందంటే చెప్పినాడు. చిన్న రూమంట, ఒక పక్క గోడంట, స్టాండు పెట్టేకి జాగా లేదంట. కిటికీలోంచి వచ్చే ఎలుగు ఆ యమ్మ మొగం మింద పడకుండా నేనే కంబళి పట్టుకున్యా అని. వేరేవాళ్ళకి ఇయ్యొచ్చు కదా అంటే, వాళ్ళు ఊపిరి గట్టిగా ఇడుస్తారు, నీడ కదుల్తాది అన్యాడు. నేను కూడా లాస్టులో రవ్వంత ఊపిరి ఇడిసినా, ఎవురికీ తెలీలే అని నవ్వుకున్యాడు."

ఫోన్ బోర్లా తిప్పి పక్కన పెట్టింది.

"దాంకున్నోడు మా ఆయప్ప. దాంకున్నోన్ని పట్టిచ్చేది తప్పు కాదా? మళ్ళ చీకటి చేసేయమను మా. నేను చూసినా కదా, నాకి సాకు."

ఆ మాట దర్శకుడికి ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పాను. "తప్పకుండా మేడమ్, ఫ్యామిలీ సెంటిమెంట్స్ మాకు ఇంపార్టెంట్" అన్నాడు. నమ్మాను. నా బుద్ధి గడ్డి తినడానికి పోయింది.

నిన్న ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో సంబరం. "మేడమ్, ఫిక్స్ చేసేశాం! ఇప్పుడు చూడండి." చూశాను. వంటిల్లు అలాగే వెలిగిపోతోంది. పప్పులో రాళ్ళు అలాగే కనబడుతున్నాయి. ఆవిడ మొహం అలాగే బయట పడి ఉంది. మూలన బియ్యం బస్తాలు మాత్రమే ఉన్నాయి. ఆయన్ని తుడిచేశారు. కంబళినీ తుడిచేశారు. ఆయన కూర్చున్న చోట గోడకి కొత్తగా సున్నం వేసినట్టు వేసి పెట్టారు. ఆయన అడిగింది చీకటి, ఆయన భార్య అడిగింది చీకటి. వీళ్ళు చీకటిని ఇవ్వలేదు, మనిషిని తీసేశారు.

ఆఖరిదాకా చూశాను. బావగారు మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ "పోను" అనబోయే ముందు ఒక క్షణం ఉంటుంది. అప్పుడు చూశాను. ఆవిడ చెంప మీద, కణత నుంచి గడ్డందాకా, ఒక నీడ అంచు ఉంది. కంబళి నీడ. దాన్ని పట్టుకున్న మనిషి లేడు, కంబళీ లేదు, నీడ మాత్రం ఆవిడ మొహానికి అడ్డంగా నిలబడే ఉంది. "పోను" అన్న తర్వాత అది కొంచెం కదిలింది. ఆయన ఊపిరి వదిలాడు.

దర్శకుడు ఇంకా లైన్లోనే ఉన్నాడు. "ఎలా ఉంది మేడమ్? పర్ఫెక్ట్ కదా?"

"ఆవిడ మొహం మీద ఆ నీడ ఎవరిది అని ఎవరైనా అడిగితే ఏం చెబుతారు?" అన్నాను.

అటు వైపు సీను మళ్ళీ మొదటి నుంచి నడుస్తున్న చప్పుడు వినబడింది. నిజంగానే వెతికాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"ఏ నీడండీ?" అన్నాడు.